నీటిపిల్లికి బొమ్మ చేయండి

కోల్‌కతాలో పెరుగుతున్న తెలుగు తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! గరియాహాట్ ఫుట్‌పాత్ మీద ప్లాస్టిక్ జంతువుల ప్యాకెట్ ఒకటి కొని విప్పండి. సింహం, జిరాఫీ, జీబ్రా వస్తాయి. ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట అంతరించిన డైనోసార్ కూడా వస్తుంది. మీరుంటున్న రాష్ట్రపు జంతువు మాత్రం రాదు. బెంగాలీలు దాన్ని బాఘరోల్ అంటారు, మనకది నీటిపిల్లి. హౌరా చెరువుగట్ల రెల్లు పొదల్లో, నగరాన్ని ఆనుకునే ఉన్న తూర్పు కోల్‌కతా చిత్తడి నేలల్లో బతుకుతోంది. ఆ 12,500 హెక్టార్లకు 2002లో చిత్తడి నేలలకిచ్చే అంతర్జాతీయ రాంసర్ గుర్తింపు దక్కింది. అక్కడి పిల్లికి బొమ్మల సంతలో చోటే దక్కలేదు.

కారణం పెద్ద రహస్యమేమీ కాదు. అచ్చు చేయించాలంటే డబ్బు కావాలి కాబట్టి పిల్లలు గుర్తుపట్టే జంతువుకే చేయిస్తారు. బొమ్మ లేని జంతువును పిల్లలు ఎలా గుర్తుపడతారు?

మన దేశంలో ఇంకో తిరకాసు ఉంది. దేవుడు ఎక్కితేగాని జంతువుకు రూపం రాదు! దేవతా విగ్రహాలు చేసే కుమార్‌టులిలో ఏటేటా సింహాలు, హంసలు, నెమళ్లు, ఎలుకలు పుడుతూనే ఉంటాయి. లక్ష్మీదేవి చలవతో బర్ధమాన్ వైపు నతూన్‌గ్రామ్ కర్ర గుడ్లగూబ ఊరూరా తిరిగింది. ఆ మాటకొస్తే పిల్లి కూడా షష్ఠీదేవి వాహనమే. కాళీఘాట్ పటాల్లో రొయ్యను నోట కరచుకున్న పిల్లి ఎంత ప్రసిద్ధమో తెలుసుగా, అది దొంగ భక్తుల మీద ఎత్తిపొడుపు. నిజంగా నీళ్లలోకి దూకి చేపను పట్టే పిల్లినే అందరూ మరిచారు.

మట్టికి అచ్చు అక్కర్లేదు, కంపెనీ అక్కర్లేదు. ముద్ద చేతిలోకి తీసుకోండి. ఇంటిపిల్లికి రెట్టింపు ఒళ్లు, పొట్టి కాళ్లు, దేహంలో సగం కూడా లేని తోక. ముందుకాళ్ల వేళ్ల మధ్య కాస్త పొర ఉంటుంది, గోళ్లు పూర్తిగా లోపలికి పోవు. రంగు బూడిద, దాని మీద వరసగా నల్ల మచ్చలు. అందం కోసమని పసుపు పూసి చారలు గీశారో, పులిపిల్ల అవుతుంది జాగ్రత్త! హౌరా పల్లెల్లో దీన్ని చూసి పులి వచ్చిందని బెదిరిపోయిన జనం ఉన్నారు. ఆ బెదురులో కర్రలు లేస్తాయి. చిన్నప్పుడు చేత్తో పట్టుకుని ఆడుకున్న జంతువును చూసి పులి అని కేకపెట్టేవాడెవడు?

ఇది బెంగాల్ సొత్తే అనుకోకండి. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల్లోనూ ఇదే పిల్లి ఉంది. సెలవులకు ఊరెళ్లినప్పుడు కొండపల్లి తెల్లపొణికితోనో, ఏటికొప్పాక అంకుడు కర్రతోనో చేసిపెట్టమని అక్కడి పనివాళ్లను అడగండి. అడిగేవాళ్లుంటే చేసేవాళ్లుంటారు.

ఈ దసరాకు మీ ఇంటి బొమ్మల కొలువులో పులి పక్కన దానికి చోటివ్వండి. పేరంటానికొచ్చినవాళ్లు ఇదేమిటని అడిగితే పేరు చెప్పండి, ఎక్కడుంటుందో కూడా చెప్పండి.