గని నిలిచినను వడ్డీ నిలువదు

మన దోణిమలైలో నెల జీతము వచ్చు ఇండ్లు తక్కువ కావు. అందులో అధికభాగము వడ్డీలకును వాయిదాలకును పోవు ఇండ్లును తక్కువ కావు. అట్టి యింటి యువకుడు సంగీతమో, నాటకమో, సేద్యమో చేయగోరినచో, "ముందు బాకీ తీరనిమ్ము" అని పెద్దలు మందలించుచున్నారు. మాట యథార్థమే. కాని ఆ బాకీ అతడు చేసినది కాదు; అతని అక్క వివాహములో మనము చూపిన ఆడంబరము చేసినది.

బళ్ళారిలో 1886లో సరసవినోదినీ సభను స్థాపించిన ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు న్యాయవాది. వారి మేనల్లుడు బళ్ళారి రాఘవ (1880–1946) కూడ న్యాయవాదియే. ఆ వృత్తి అన్నము పెట్టినందున వారు నాటకకళను కూటికై అమ్ముకొనవలసిన అగత్యము లేకపోయెను.

గని ఆదాయము శాశ్వతమని తలచి అప్పు చేయుట క్షేమము కాదు. 2011లో సుప్రీంకోర్టు ఉత్తరువుచే జిల్లాలో గనుల తవ్వకము నిలిచినది. మన దోణిమలై గనియే 2018 నవంబరు మొదలు 2021 ఫిబ్రవరి వరకు ఆగియుండెను. వడ్డీ మాత్రము ఒక్క దినమైనను ఆగలేదు.

కావున అధిక వడ్డీ బాకీని ముందుగా తీర్చవలెను. ఆరు నెలల గ్రాసమునకు సరిపడు సొమ్ము వేరుగా ఉంచవలెను. అటుపిమ్మట బిడ్డ తనకు ప్రియమైన పనికి పోదునన్నచో అడ్డు చెప్పరాదు. వివాహవ్యయమును ఒక్కరు తగ్గించినచో పిసినారి యందురు. అందరమును తగ్గించినచో అదియే మర్యాద యగును. ఈ పనికి మన సంఘమే పూనుకొనవలెను.