తేనెటీగల బాట: ఒక మనవి

తేనె తీసినవాడు చేయి నాకకుండునా అని మన పెద్దలు అంటారు. అధికారం చేతికందినవాని ఆశను ఎత్తిపొడవడానికి పుట్టిన సామెత ఇది. తేనె తీసే చేతిని గురించి ఇంత చక్కగా ఆలోచించిన మనం, ఆ తేనెను కూర్చే ఈగను గురించి ఏపాటి ఆలోచించామన్నది నా సందేహం. ఈ వ్యాసానికి ఆ సందేహమే మూలం.

కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన ఒక విద్యాసంస్థలో నీళ్ల ట్యాంకు అడుగున పెద్ద తేనెతుట్టె పట్టింది. పరీక్షలు దగ్గరపడ్డాయనీ, పిల్లలు బెదురుతున్నారనీ దానిని తీయించాలని పెద్దలు తలచారు. నన్ను అడిగినప్పుడు నేనూ తల ఊపాను. ఒక రాత్రి కూలికి వచ్చిన మనిషి గడకు గుడ్డలు చుట్టి, కిరసనాయిలు పోసి, నిప్పంటించాడు. తెల్లవారి చూస్తే వరండా నిండా మాడిన ఈగలు. ఆయమ్మ వాటిని ఊడ్చి చేటలకెత్తుతున్నది. ఆనాడు నా పాఠం ప్రబంధ కవుల వసంత వర్ణన. తుమ్మెదల ఝంకారాన్ని గురించి గంటసేపు చెప్పి బయటికి వచ్చినవాడికి ఆ చేట ఎదురైతే ఎట్లుంటుందో పాఠకులే ఊహించుకోగలరు.

తరువాత తెలుసుకున్న సంగతి నన్ను మరింత బాధించింది. కొండలకూ, పెద్ద చెట్లకూ, ఎత్తైన కట్టడాలకూ పట్టు పెట్టే ఆ పెద్ద ఈగలు వలస జీవులు. పూలకాలానికి వస్తాయి, కొన్ని నెలలకు వాటంతట అవే తరలిపోతాయి. మరుసటి ఏడు తరచుగా ఆ చోటికే తిరిగి వస్తాయి. మనం కొద్ది నెలలు ఓపిక పట్టి, ఆ వైపు దారి మూసి ఉంటే సరిపోయేది. మా తొందర వల్ల ఒక ఊరంత కుటుంబం కాలిపోయింది. అజ్ఞానానికి మించిన అగ్గిపుల్ల లేదు.

మన విద్యార్థులలో ఎంతమందికి తేనెటీగలలో రకాలున్నాయని తెలుసు? బండలకు పట్టే పెద్ద ఈగ ఒకటి. చెట్టుతొర్రలలో, పుట్టలలో వరుసగా పట్లు పెట్టే పుట్టతేనె ఈగ ఒకటి, పెట్టెలలో పెంచగలిగిన మన నాటు ఈగ ఇదే. పొదలలో అరచేతంత పట్టు పెట్టే చిన్న ఈగ మరొకటి. కుట్టలేని బుల్లి ఈగలు కూడా గోడ సందులలో కాపురముంటాయి. పూల జాడ తెలిసిన ఈగ గూటికి వచ్చి నాట్యం చేసి, సూర్యుని బట్టి దిక్కునూ, నాట్యపు నిడివిని బట్టి దూరాన్నీ తోటివారికి తెలుపుతుంది. ఆ భాషను చదివిన కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ బహుమతి లభించింది. భాషాబోధకుడనైన నాకు ఇది సిగ్గునూ సంతోషాన్నీ ఒకేసారి కలిగించిన విషయం.

మొన్నటి సెలవులలో పిల్లలను వెంటబెట్టుకొని భాకరాపేట మీదుగా తలకోనకు పోయాను. జలపాతం పక్కన ఎత్తైన బండకు నల్లని పట్లు వేలాడుతున్నాయి. దారిన పోయేవారు జలపాతాన్ని చూస్తున్నారే గాని వాటిని చూసేవారు లేరు. చూసిన ఒక కుర్రవాడు రాయి అందుకున్నాడు. నేను చేయి పట్టుకున్నాను. మా చిన్నమ్మాయి మాత్రం, "అబ్బాజాన్, అంత ఎత్తున వాళ్లకు తల తిరగదా?" అని అడిగింది. రాయి అందుకునే చేతికీ, ప్రశ్న అడిగే నోటికీ నడుమ ఉన్న దూరమే విద్య అని నాకు తోచింది.

ఆ దూరాన్ని తగ్గించడానికి ఒక బాట కావాలని నా మనవి. శేషాచలం 2010లో జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా ప్రకటింపబడింది. అక్కడ అటవీశాఖ అనుమతితో, తల్లిదండ్రులు పిల్లల చేయి పట్టుకొని నడవదగిన ఒక కిలోమీటరు దారి చాలును. మొదట కానుగ, నేరేడు, చింత చెట్ల కింద ఏ పూవు ఏ నెలలో పూస్తుందో తెలిపే పలకలు. తరువాత అద్దం పక్కలు గల పెట్టెలో నాటు ఈగల కాపురం. ఆపైన పిల్లలు తామే ఈగలై నాట్యం చేసి, దాచిన పూవును వెదికే ఆట. చివరకు దుర్భిణితో దూరం నుండి బండ మీది పట్టు దర్శనం.

ఈ బాటకు గురువులు మనం కాదు, యానాదులు. తరతరాలుగా ఈ కొండలలో తేనె ఎరిగినవారు వారే. నల్లమల చెంచులలో తేనెకు బండ దిగేవాని తాడును బావమరిది పట్టుకుంటాడని చెబుతారు. తన చెల్లెలి పసుపుకుంకుమలు ఆ తాటిలోనే ఉన్నవి గనుక అతడు పట్టు వదలడు. ఇంతటి లోకజ్ఞానం గలవారిని గేటు వద్ద కాపలాకు నిలిపి, మనం ఉపన్యాసాలివ్వడం న్యాయం కాదు. పట్టులో తేనె ఉండే తలభాగాన్ని మాత్రమే కోసి, పిల్లలుండే భాగాన్ని విడిచిపెట్టే పద్ధతిని వారి నోట వినాలి. వారికి తగిన వేతనమూ ముట్టాలి.

ఈగలు కుట్టవా అని అడిగేవారుంటారు. కుడతాయి. రాయి విసిరినా, పొగ పెట్టినా, గూటికి చేరువైనా కుడతాయి. కుట్టిన ఈగ ముల్లు విడిచి చనిపోతుంది. ఆ ముల్లు వాసన మిగిలినవాటిని పిలుస్తుంది. అందుచేత ముఖం కప్పుకొని వేగంగా తొలగిపోవాలి, ముల్లును వెంటనే గీకి తీయాలి, ఊపిరాడని వారిని ఆలస్యం లేకుండా వైద్యునికి చూపాలి. ఈ నాలుగు మాటలు తెలియని కుటుంబానికే ప్రమాదమెక్కువ. భయానికి మందు ఎరుక గాని, కిరసనాయిలు కాదు.

ఇది వట్టి వినోదమని కొట్టివేసేవారికి ఒక్క మాట. గుమ్మడికీ, సొరకూ ఆడపూవు వేరు, మగపూవు వేరు. నడుమ రాయబారి ఈగ. పూతవేళ పొద్దున్నే మందు కొట్టే రైతు తన కాపును తానే తెగనరుక్కుంటున్నాడు. మహారాష్ట్రలో మహాబలేశ్వరం దగ్గరి మాంఘర్‌ను 2022లో తేనె గ్రామంగా ప్రకటించారు. మనకు కొండ ఉన్నది, పూవున్నది, ఎరిగిన మనుషులున్నారు. లేనిది పూనిక మాత్రమే.

కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపం: తలకోన దాకా పోయే లోపల మన ఆవరణలోనే ఒక చిన్న బాట వేద్దాం. వృక్షశాస్త్రం వారు మొక్కలు ఎన్నుకోనీ. తెలుగు, ఉర్దూ శాఖలు రెండు లిపులలో పలకలు వ్రాయనీ. ఖుర్ఆన్‌లో పదహారవ సూరాకు తేనెటీగ పేరే ఉన్నది. పక్కింటివారి పంచామృతంలో తేనె లేనిదే అభిషేకం జరగదు. రెండిళ్లకూ చుట్టమైన జీవి ఇది. మళ్లీ మన ట్యాంకు కింద పట్టు పడితే గడ వెదకవద్దు, ఒక పలక వ్రాసి తగిలిద్దాం: "కొన్ని నెలల అతిథులు. నెమ్మదిగా నడువుడు." ఈసారి నేను తల ఊపను.