పిండి కలపకముందే రాసేసిన రీడింగులు

ఈ వేసవి సెలవుల్లో సోర్‌డో బ్రెడ్ చేయడం నేర్చుకున్నానంటే మా రూమ్మేట్లు పడీపడీ నవ్వారు. "గుంటూరు ఎండల్లో ఓవెన్ ముందు కూర్చున్నావా?" అని ఒకతి, "మీ వీధిలో బేకరీ లేదా?" అని ఇంకొకతి. వాళ్ళు అడిగిందాంట్లో తప్పేమీ లేదు. నాలుగు వారాల్లో నాలుగు రొట్టెలు చేస్తే తినదగ్గవి రెండే. అయినా ఎందుకు రాస్తున్నానంటే, నాకున్న ఒక చెడ్డ అలవాటు ఆ పిండి గిన్నె దగ్గర అడ్డంగా దొరికిపోయింది. మీలో చాలామందికీ ఆ అలవాటు ఉందని నా అనుమానం.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. సోర్‌డో అంటే ప్యాకెట్ ఈస్ట్ వేయకుండా, పులిసిన పిండితోనే పొంగించే రొట్టె. 50 గ్రాముల గోధుమపిండి, 50 గ్రాముల నీళ్ళు గాజు సీసాలో కలిపి పెట్టాలి. రోజూ కొంత తీసేసి, మళ్ళీ కొత్త పిండి, నీళ్ళు సమానంగా కలపాలి. పిండిలో సహజంగా ఉండే ఈస్ట్, లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేసే బ్యాక్టీరియా మెల్లగా బలపడతాయి. దీన్నే స్టార్టర్ అంటారు. మా అమ్మమ్మకి ఇంత కథ చెప్తే, "తోడు అని చెప్పొచ్చుగా" అంది.

రెండో రోజే సీసా మూత దాకా పొంగింది. ఫొటో తీసి స్టేటస్ పెట్టేశా. మూడో రోజు చప్పుడు లేదు, నాలుగో రోజూ లేదు. పారబోద్దామనుకుంటూ చదివితే తెలిసింది: ఆ మొదటి పొంగు చాలాసార్లు ఈస్ట్‌ది కాదు, ల్యూకోనోస్టాక్ జాతి బ్యాక్టీరియాది. పులుపు పెరిగేకొద్దీ అది వెనక్కి తగ్గుతుంది, ఈస్ట్ ఆ తర్వాత నిదానంగా పుంజుకుంటుంది. మన ఇడ్లీ పిండిని పొంగించేదీ ముఖ్యంగా ఈ జాతే. అంటే నేను స్టేటస్ పెట్టుకున్నది ఇడ్లీ పిండి చుట్టాన్ని! ఇడ్లీకి అది సరిపోతుంది, రొట్టెకి చాలదు. తొమ్మిదో రోజుకి గానీ నా స్టార్టర్ పిండి పెట్టిన మూడు గంటల్లో రెట్టింపు కాలేదు.

ఇక అసలు కథ. మైదా 400 గ్రాములు, గోధుమపిండి 100, నీళ్ళు 350, స్టార్టర్ 100, ఉప్పు 10. రెసిపీలో "గది ఉష్ణోగ్రత దగ్గర ఐదు గంటలు" అని ఉంది. ఎవరి గది? రాసినావిడ ఉండేది చలి దేశంలో. మా హాల్లో గోడ థర్మామీటరు 36 డిగ్రీలు చూపిస్తోంది. అది నా కంటికి కనబడుతూనే ఉంది.

నేను మాత్రం ల్యాబ్ అబ్జర్వేషన్ బుక్‌లో లాగా స్కేలు పెట్టి టేబుల్ గీశాను. సమయం, పిండి వేడి, పిండి ఎత్తు. గీసిన చేతితోనే నింపేశాను కూడా. 10 గంటలకి కలపడం, 11కి ఒక మడత, 12కి ఇంకో మడత, 3 గంటలకి పిండి రెట్టింపు. అప్పటికి నేనింకా పిండి సంచి కూడా విప్పలేదు.

ఒంటిగంటకి అమ్మ వచ్చి మూత తీసింది. "ఇదేంటే, పొంగి దిగిపోతోంది."

"ఇంకా రెండు గంటలుందమ్మా."

"ఎక్కడుంది?"

"రెసిపీలో."

అమ్మ ఇంకేం అనకుండా మూత పెట్టేసి వెళ్ళిపోయింది. మూడింటికి తీస్తే పిండి చేతికి బంకలా అంటుకుంది. ఓవెన్లో ఊతప్పంలా పరుచుకుంది. కోస్తే లోపలంతా జిగురు. నా టేబుల్ మాత్రం ఎంత ముచ్చటగా ఉందో!

ఈ అలవాటు ఎక్కడిదో నాకు బాగా తెలుసు. ల్యాబ్‌లో సీనియర్ల రికార్డు ముందు పెట్టుకుని, రావాల్సిన జవాబు నుంచి వెనక్కి లెక్కేసి రీడింగులు రాస్తాం. ఎర్రర్ రెండు శాతం దాటనివ్వం. దాటితే సంతకం పడదు. ఒకసారి మా బ్యాచ్‌కి నిజంగానే వింత రీడింగ్ వచ్చింది. ఎందుకొచ్చిందో చూద్దామని ఒక్కరం కూడా అనలేదు, నాతో సహా. కొట్టేసి పక్క బ్యాచ్‌ది ఎక్కించాం. ఆ యంత్రంలో లోపముందో, మా చేతిలో ఉందో ఇప్పటికీ తెలీదు.

దోసెల పిండికి ఎన్ని గంటలు అని మా అమ్మని ఎవరూ అడగరు. చలికాలం గిన్నెకి తువ్వాలు చుట్టి స్టవ్ పక్కన పెడుతుంది, మే నెలలో రెండు మూడు గంటలకే ఫ్రిజ్‌లోకి తోసేస్తుంది. పైన బుడగలు చూస్తుంది, వాసన చూస్తుంది, గరిటెతో ఎత్తి వదిలి చూస్తుంది. దీన్ని మనం "ఏదో అంచనా" అని తీసిపారేస్తాం. నా దృష్టిలో ఆ రోజు మా ఇంట్లో జరిగిన ఒకే ఒక్క కొలత అమ్మ మూత తీసి చూడటమే. నాది ఎవరి గదిలోదో అంకెని ఎక్కించుకోవడం.

అలాగని "అమ్మ చేతి ముందు సైన్సెందుకు" అనే మాట కూడా నాకు నచ్చదు. రొట్టె, దోసె ఒకటి కాదు. మినప్పప్పులో గ్లూటెన్ లేదు, గాలిని పట్టి ఉంచేది దాని జిగురు. రొట్టెలో ఆ పని గ్లూటెన్‌ది. పులుపు మితిమీరితే అది సడలిపోతుంది, ఇక బాగుచేయలేం. దిగిపోయిందని అమ్మకి తెలిసింది, ఎందుకో తెలియలేదు. నాకు ఎందుకో తెలుసు, దిగిపోయిందని తెలియలేదు.

రెండోసారి స్టార్టర్ సగానికి తగ్గించి, ఐసు నీళ్ళతో కలిపి, నిలువు డబ్బాకి రబ్బరు బ్యాండు వేసి ఎత్తు గుర్తు పెట్టాను. టేబుల్ గళ్ళు ఖాళీగా ఉంచాను. ఎంత ఇబ్బందిగా ఉంటుందో చెప్పలేను! ఆ పేజీలో ఒక వరుస ఇలా ఉంది: "1:15 – ఫోన్ చూస్తూ మర్చిపోయాను, రీడింగ్ లేదు." నాలుగు గంటలు నిండకముందే పిండి సిద్ధమైంది. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి పొద్దున కాల్చాను. ఒక పక్క పగిలింది, కానీ లోపల గాలి గదులొచ్చాయి. నాన్న రెండు ముక్కలు తిని, కొంచెం పుల్లగా ఉందన్నారు.

మన ల్యాబుల్లో సరిపోయిన జవాబుకి కాక, సరిపోని రీడింగుకి కారణం వెతికి రాసినవాళ్ళకి మార్కులిస్తే బాగుంటుందని నా అభిప్రాయం. అలా అయితే సగం రికార్డులు వికారంగా ఉంటాయి, ఉండనీయండి. వచ్చే వారం మాకు మొదటి ల్యాబ్. మా బ్యాచ్ వాళ్ళకి ముందే చెప్పాను, ఈసారి సీనియర్ల రికార్డు తేవద్దని. ఇద్దరు సరే అన్నారు. మూడోది, "సంతకం పడకపోతే నీదే బాధ్యత" అంది.