ల్యాబులోకి మృదంగాన్ని రానివ్వండి

మన డిగ్రీ కాలేజీల్లో సంగీతానికి ఏడాదికి రెండు మూడుసార్లు పిలుపొస్తుంది. ముఖ్య అతిథి జ్యోతి వెలిగించేటప్పుడు ప్రార్థన పాడటానికి ఒకసారి, వార్షికోత్సవానికి ఒకసారి, యూనివర్సిటీ యువజనోత్సవాలకు మరోసారి. పాడిన పిల్లకు ఓ మెమెంటో, ఓ సర్టిఫికెట్, మర్నాడు జిల్లా పేజీలో ఓ ఫోటో. ఆ తర్వాత ఆ అమ్మాయి మళ్లీ బీఎస్సీలో ఒక హాల్‌టికెట్ నంబరు. పరిశోధనకు జరిగే మర్యాద కూడా ఇంతకంటే గొప్పదేం కాదు. కాలేజీలకు గ్రేడులిచ్చే నాక్ బృందం వస్తోందంటే ల్యాబు బీరువాల దుమ్ము దులుపుతాం, వాళ్లు వెళ్లాక తాళం వేస్తాం.

గుడివాడ చుట్టుపక్కల కాలేజీల్లో ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. బందరులో కృష్ణా విశ్వవిద్యాలయం 2008లో వచ్చినప్పుడు సంతోషించినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇప్పుడు దాన్ని నేను అడిగేది ఒక్కటే. సైన్సుకూ సంగీతానికీ మధ్య కట్టిన గోడలో ఒక తలుపు పెట్టండి. ఈ డెల్టాలో ఆ పని చెయ్యకపోతే ఇంకెక్కడా చెయ్యలేం.

ఎందుకో చెబుతాను. సోనామీటరు ప్రయోగం సైన్సు చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. చెక్కపెట్టె మీద బిగించిన తీగ, చివర కొక్కేనికి బరువులు, తీగ కింద అటూ ఇటూ జరిపే రెండు బ్రిడ్జిలు, తీగ మీద మడత పెట్టి కూర్చోబెట్టిన చిన్న కాగితం ముక్క. శ్రుతిదండాన్ని రబ్బరు దిమ్మ మీద కొట్టి, దాని కాడను పెట్టె మీద ఆనిస్తాం. తీగ పొడవు సరిగ్గా కుదిరితే కాగితం ఎగిరి పడుతుంది. పొడవు కొలిచి, లెక్క కట్టి, రికార్డులో రాసి సంతకం పెట్టించుకుంటారు. ఏ స్వరం పలికిందో ఎవరికీ అక్కర్లేదు.

మా క్లాసులో కూచిపూడి వైపు నుంచి వచ్చే కుర్రాడొకడు కాగితం పెట్టేవాడు కాదు. తీగ మీటి, శ్రుతిదండాన్ని చెవి దగ్గర పెట్టుకుని, రెండు ధ్వనుల మధ్య పైకీ కిందకీ ఊగే అలను వింటూ బ్రిడ్జి జరిపేవాడు. ఆ ఊగు నెమ్మదించి, నెమ్మదించి, ఆగినచోట “ఇక్కడ సార్” అనేవాడు. కాగితం పెట్టి చూస్తే సరిగ్గా అక్కడే ఎగిరేది. వాళ్ల నాన్నగారు మృదంగం వాయిస్తారని తర్వాత తెలిసింది. ఆ ఊగునే పుస్తకాల్లో విస్పందనాలంటారు. ఆ పాఠం మేం బోర్డు మీద సూత్రం రాసి చెబుతాం. వాడు దాన్ని మృదంగానికి శ్రుతి కలిపే ఇంట్లో చిన్నప్పుడే నేర్చుకుని వచ్చాడు. ఆ చెవికి మార్కులు వెయ్యడానికి మా రికార్డు పుస్తకంలో గడి లేదు.

ఆ మృదంగమే ఒక పరిశోధనాంశం. మామూలుగా బిగించిన తోలు మీద కొడితే పుట్టే ఉపస్వరాలు ఒకదానితో ఒకటి పొసగవు, అందుకే డప్పు మోగుతుంది గానీ స్వరం పలకదు. మృదంగం పలుకుతుంది. కుడి మూత మధ్యలో నల్లగా కనిపించే గుండ్రటి పూత దానికి కారణం. ఖనిజపు రాతిపొడినీ అన్నాన్నీ కలిపి మెత్తగా నూరి, పొర ఆరాక పొర వేసి, రాయితో రుద్దుతూ పెడతారు. ఆ బరువు వల్ల ఉపస్వరాలు మూలస్వరానికి రెండింతలు, మూడింతలుగా వరసలోకి వస్తాయి. ఎడమ మూతకు కచేరీకి ముందు తడి రవ్వ ముద్ద అద్దడంలోనూ ఉన్నది బరువు లెక్కే. ఈ సంగతిని సి.వి.రామన్ కలకత్తాలో ప్రయోగాలు చేసి 1920లో ‘నేచర్’ పత్రికలో రాశారు. 1934లో మళ్లీ వివరంగా రాశారు. నోబెల్ తెచ్చిన కాంతి పరిశోధనకు ముందు ఆయన వయొలిన్ తీగల మీద, వీణ మీద ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి.

ఆ రామన్ దగ్గరికి 1928లో మన జిల్లావాడే వెళ్లి చేరాడు. సూరి భగవంతం గారు. గుడివాడలో చదువుకున్న ఆ కుర్రవాడు తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర ఆచార్యుడయ్యాడు, ఉస్మానియాకు వైస్ చాన్సలరయ్యాడు, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టరయ్యాడు. సైన్సు పరికరాలు కూడా మనకు కొత్త కాదు. బందరులో ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ బళ్లకూ కాలేజీలకూ ల్యాబు సామాను తయారుచేసి పంపేది. 1983లో దాన్ని బీఈఎల్ తీసుకుంది.

ఇక సంగీతం సంగతి. దివిసీమలో పెదకళ్లేపల్లి ఉంది. త్యాగరాజస్వామి శిష్యుడు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య గారి దగ్గర నేర్చుకున్న సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి గారి ఊరది. ఆయన శిష్యుడు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు, ఆ పంతులు గారి శిష్యుడు బాలమురళీకృష్ణ. మొవ్వ అంటే క్షేత్రయ్య పదాలు. దాని పక్కనే కూచిపూడి. బందరు నుంచి బస్సెక్కితే గంటా గంటంబావు. ఇంత సంపద మధ్య కూర్చుని కూడా మన డిగ్రీ విద్యార్థికి సంగీతం ఇంకా కల్చరల్ కమిటీ వ్యవహారమే.

గుడివాడ దగ్గర చౌటపల్లిలో 1922లో పుట్టిన ఘంటసాల సంగీతం చదువుకోవడానికి విజయనగరం వెళ్లి, మధుకరం ఎత్తి కడుపు నింపుకున్నారు. ఆ రోజుల్లో ఇక్కడ సంగీత కాలేజీ లేదు కాబట్టి సరే. మరి ఇవాళ గుడివాడలో బీఎస్సీ చదివే పిల్లవాడు ఫిజిక్స్‌తోపాటు గాత్రమో వయొలినో సబ్జెక్టుగా తీసుకోవాలంటే ఎక్కడికి వెళ్లాలి?

ఈ కలయిక మనకు విదేశాల నుంచి దిగిన కొత్త మోజు కాదు. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి గార్లు బందరులో పెట్టిన ఆంధ్ర జాతీయ కళాశాలలో చేతిపనులూ చిత్రకళా పుస్తకపాఠాలతో సమానంగా నడిచాయి. పత్తి రకాల మీదా, నేల కింది ఖనిజాల మీదా పరిశోధనలు చేసి, జాతీయ జెండా కోసం తపించిన పింగళి వెంకయ్య గారు అక్కడ పాఠాలు చెప్పారు. బొమ్మలు వేసి, నవలలు రాసి, పాటలు పాడిన అడివి బాపిరాజు గారు దానికి ప్రిన్సిపాల్‌గా చేశారు. ఇవాళ ఆయన దరఖాస్తు పెడితే ఏ డిపార్ట్‌మెంటుకు పంపాలో తెలీక ఫైలు తిరుగుతూనే ఉండేది.

“పాటలు పాడితే ఉద్యోగాలొస్తాయా మాస్టారూ?” అని తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో జాన్ చౌనింగ్ అనే స్వరకర్త 1967లో కంప్యూటర్‌తో స్వరాలు పుట్టించే కొత్త పద్ధతి కనిపెట్టాడు. దాన్ని యమహా కంపెనీ తీసుకుని 1983లో డీఎక్స్7 కీబోర్డు చేసింది. ఎనభైల్లో ప్రపంచమంతా విన్న పాటల్లో ఆ ధ్వని ఉంది. ఆ పేటెంటు యూనివర్సిటీకి కోట్లు తెచ్చింది. చౌనింగ్ ఇంజినీరు కాదు, సంగీతం చదివినవాడు. ఇప్పుడు మాటను గుర్తుపట్టే సాఫ్ట్‌వేరు నుంచి చెవిటి మిషన్ల దాకా ధ్వని తెలిసినవాడికి పని ఉంది.

ఇంకో అభ్యంతరం విద్వాంసుల నుంచి వస్తుంది. నాలుగు క్రెడిట్ల పేపరుతో సంగీతం వస్తుందా అని. రాదు. బాలమురళి సెమిస్టర్లలో తయారు కాలేదు. యూనివర్సిటీ విద్వాంసుణ్ణి తయారుచెయ్యక్కర్లేదు. గురువు దగ్గర సాధన చేస్తున్నవాడికి హాజరు పేరుతో అడ్డం పడకుండా, ఆ సాధనను చదువుగా లెక్కేస్తే చాలు.

చెయ్యాల్సినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. కృష్ణా విశ్వవిద్యాలయం రుద్రవరం క్యాంపస్‌లో ఒక ధ్వని ప్రయోగశాల పెట్టాలి. మంచి మైకులు, ఒక కంప్యూటర్, బయటి చప్పుడు లోపలికి రాని ఒక గది. కూచిపూడి కళాపీఠం తెలుగు విశ్వవిద్యాలయం కింద ఉండి, రాష్ట్ర విభజన తర్వాత సంస్థల పంపకాల పదో షెడ్యూల్ చిక్కుల్లో ఏళ్లకేళ్లు నలిగింది. దానితో ఒప్పందం చేసుకుని ఉమ్మడి పేపర్లు నడపాలి. కలాపాల దరువులు, నట్టువాంగం పెద్దల గొంతుతో ఉన్నవి ఉన్నట్టు రికార్డు చెయ్యాలి. కంప్యూటర్ సైన్సు పిల్లలకు అంతకంటే మంచి ప్రాజెక్టు ఏముంటుంది? పళ్లెం అంచు మీద నిలబడి తరంగం ఆడే నర్తకి మోకాలిమీద, మడమమీద ఎంత బరువు పడుతుందో బయోసైన్సెస్ వాళ్లు కొలవాలి. ఆ ఫలితం నాట్యం నేర్పే గురువుకు కూడా పనికొస్తుంది.

గురువులకు పీహెచ్‌డీలు లేవు కదా అంటారేమో. పీహెచ్‌డీ లేకపోయినా అనుభవమున్న నిపుణులను ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్‌గా తీసుకోవచ్చని యూజీసీ 2022లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. స్థానిక కళాకారులను కాలేజీల్లోకి ఆహ్వానించడానికి 2023లో వేరే మార్గదర్శకాలూ వచ్చాయి. కాగితం ఉంది, కబురు పంపడమే తరువాయి.

కాబట్టి ఈసారి సిలబస్ మార్చడానికి ఫిజిక్స్ బోర్డ్ ఆఫ్ స్టడీస్ కూర్చున్నప్పుడు, కూచిపూడి నుంచి ఒక మృదంగ విద్వాంసుణ్ణి పిలిచి ఒక కుర్చీ వెయ్యండి. ధ్వని పాఠం దగ్గరికి రాగానే ఆయన్ని మాట్లాడనివ్వండి. మినిట్స్‌లో ఆయన మాట కూడా రాయండి. డబ్బు, భవనం, జీవో ఏదీ అక్కర్లేని పని ఇది. ఇది కూడా చెయ్యలేకపోతే, లోపం నిధుల్లో ఉందని ఇక మీదట మనం అనకూడదు.