ఏం కాదులే!

ఏ సావనీరు తిరగేసినా దేశ సమైక్యత గురించో, యువత కర్తవ్యం గురించో, వరకట్నం గురించో వ్యాసాలుంటాయి. అవి అక్కర్లేదని నేననను. నేను మాత్రం అరచేతిలో పట్టేంత చిన్న విషయం రాయదలిచాను. రెజిన్ బొమ్మల గురించి. "ఇదేం వ్యాసంరా బాబూ!" అని మిత్రులు నవ్వొచ్చు. చివరిదాకా చదివి అప్పుడు నవ్వమని మనవి.

మన హాస్టల్లో ఈ సరదా బాగా పెరిగింది. ఒకరు గులాబీ రేకులు రెజిన్లో పోసి కీచైన్లు చేస్తారు. ఇంకొకరు కిట్లు తెప్పించుకుని కార్లు, విమానాలు, సినిమా వీరుల బొమ్మలు అతికి రంగులేస్తారు. తెలియని పెద్దల కోసం చెబుతున్నాను. రెండు ద్రవాలు కలిపి సిలికాన్ రబ్బరు అచ్చులో పోస్తే కొద్దిసేపట్లో గట్టిపడుతుంది. ఎక్కువగా అది పాలియురెథేన్. అలా పోసిన ముక్కల్ని పెట్టెలో పెట్టి అమ్ముతారు. జపాన్‌లో 1980లలో బొమ్మల అభిమానులు ఇంటిపట్టునే ఇలా పోసుకున్నారు కాబట్టి వాటికి గ్యారేజ్ కిట్లని పేరొచ్చింది.

ఆ మాటకొస్తే రెజిన్ మనకి కొత్తది కాదు. పూజలో వేసే సాంబ్రాణి, గుగ్గిలం చెట్లనుంచి కారిన రెజిన్లే. ఏటికొప్పాక బొమ్మకి ఆ మెరుపునిచ్చే లక్క ఒక పురుగు ఇచ్చే రెజిన్. తేడా ఎక్కడంటే, వీటితో ఎలా మెలగాలో మన పెద్దవాళ్ళు తరతరాలుగా నేర్చుకున్నారు. సీసాలో వచ్చిన రెజిన్‌తో ఎలా మెలగాలో మనకి ఎవరూ నేర్పలేదు. మనమూ అడగలేదు.

ఇక నా సంగతి. ఒక సీనియర్ నాకో కిట్ ఇచ్చాడు. పాతకాలపు ట్రాక్టరు. రైతు బిడ్డని, ట్రాక్టరు చూస్తే చెయ్యి ఊరుకుంటుందా? సైన్సు ఎగ్జిబిషన్‌లో పెడదామని ఒకరోజు రాత్రి కూర్చున్నాను. ముక్కల అంచుల్లో పోత తాలూకు పల్చటి రెక్కలు మిగిలి ఉంటాయి. వాటిని ఎమరీ పేపరుతో రుద్దడం మొదలెట్టాను. చలికాలం, కిటికీలు మూసి ఉన్నాయి. పైన ఫ్యాను చిన్నగా తిరుగుతోంది. తెల్లటి పొడి పిండిలా రాలుతోంది. నోటితో ఊదేసి మళ్ళీ రుద్దాను. పక్క మంచం మీద నా రూమ్మేటు పడుకున్నాడు. వాడికి చిన్నప్పట్నుంచీ ఉబ్బసం. "పొడి ఎక్కువొస్తోందిరా" అన్నాడు ఒకసారి. "ఏం కాదులే, పడుకో" అన్నాను.

రెండున్నరకి వాడు లేచి కూర్చున్నాడు. ఊపిరి అందడంలేదు. పిల్లికూతలు గది బయటికి వినిపిస్తున్నాయి. వాడి పంపు రెండుసార్లు పీల్చినా తగ్గలేదు. నలుగురం కలిసి ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. నెబ్యులైజరు పెట్టాక తెల్లవారుజామున కాస్త కుదుటపడ్డాడు. ఆ పొడే కారణమని డాక్టరుగారు గట్టిగా చెప్పలేదు. "దుమ్ము పడని మనిషిని దుమ్ములో పడుకోబెడితే ఏమవుతుందో బి.ఎస్సీ. చదివేవాడికి నేను చెప్పాలా?" అని మాత్రం అన్నారు.

నా సిగ్గంతా ఇక్కడే ఉంది. మాది పత్తి, మిరప వేసే ఇల్లు. నాన్న మూతికి తువ్వాలు చుట్టుకుని పురుగుమందు కొడతాడు. ఇంటరు చదివే రోజుల్లో నేను ఆయనకి పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. మందు డబ్బా మీద రంగు త్రికోణం చూపించి, ఎరుపైతే అన్నిటికన్నా ప్రమాదం, ఆ తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ అని వివరించాను. 1971 నాటి నిబంధనల్లోనే ఇదంతా ఉందన్నాను. తువ్వాలు ఆవిరిని ఆపదని వాదించాను. ఆయన "ఏం కాదులేరా, ఎన్నేళ్ళనుంచి కొడుతున్నాను!" అని నవ్వేశాడు. ఆ నవ్వు నాకు కోపం తెప్పించింది. సరిగ్గా అదే మాట నేను హాస్టల్లో అన్నాను. నాన్నకైనా తువ్వాలుంది, నాకు అదీ లేదు.

ఆ తర్వాత కూర్చుని చదివాను, మా కెమిస్ట్రీ మాష్టార్నీ అడిగాను. తెలుసుకున్నది నలుగురికీ చెప్పడం నా బాధ్యత.

పాలియురెథేన్ పోసే రెండు సీసాల్లో ఒకదాంట్లో ఐసోసయనేట్ ఉంటుంది. 1984 డిసెంబరు 2-3 రాత్రి భోపాల్‌లో వేలమందిని బలిగొన్న మిథైల్ ఐసోసయనేట్‌కి ఇది అదే కుటుంబం. భయపెట్టడానికి చెప్పడంలేదు. సీసాలో సాధారణంగా ఉండేది అంత తేలిగ్గా ఆవిరి కాని వేరే రకం. కానీ దానికీ ఒక దుర్గుణం ఉంది. పదేపదే తగిలితే కొందరి ఒంటికి పడకుండా పోతుంది. ఆ తర్వాత రవ్వంత తగిలినా ఆయాసం వస్తుంది. ఎపాక్సీ గట్టిపరిచే ద్రవం, త్రీ-డీ ప్రింటరు రెజిన్ చర్మం మీద ఇలాంటి పనే చేస్తాయి. పాలియెస్టర్ రెజిన్‌లో వేసే పెరాక్సైడు చుక్క కంట్లో పడితే చూపే పోవచ్చు. దాన్ని కోబాల్టు ద్రావణంతో నేరుగా కలిపితే పేలుతుంది.

బాగా గట్టిపడ్డ ముక్కలో ఈ ద్రవాల గొడవ చాలావరకు తీరిపోతుంది. మిగిలేది పొడి. దాని విరుగుడు కూడా సులువే. పొడిగా రుద్దకుండా, పెయింటర్లు వాటర్ పేపరు అనే రకం తెచ్చి, పళ్ళెంలో నీళ్ళు పోసుకుని తడిపి రుద్దితే పొడి గాల్లోకి లేవదు. పని అయ్యాక ఊడవకుండా తడిగుడ్డతో తుడవాలి. ఎన్95 మాస్కు పెట్టుకోవాలి. అది 0.3 మైక్రాన్ల నలుసుల్ని కూడా నూటికి 95 పాళ్ళు ఆపుతుంది. ఆవిరిని మాత్రం ఆపదు. అందుకని ద్రవాలు పోసేటప్పుడు గాలి ఆడే చోటు, నైట్రైల్ గ్లౌజులు, కళ్ళద్దాలు కావాలి. మిగిలిన ముక్కల్ని మన ఊరి అలవాటు చొప్పున తగలబెట్టకూడదు. పాలియురెథేన్ కాలితే సయనైడు వాయువు కూడా వస్తుంది. ప్రింటరు రెజిన్ సింకులో పారబొయ్యకుండా ఎండలో గట్టిపరిచి పారెయ్యాలి.

ఇందులో బ్రహ్మవిద్య ఏముంది? మరి ఎందుకు చెయ్యం? కొందరికి ఖర్చు, కొందరికి బద్ధకం. ఎక్కువమందికి మాస్కు పెట్టుకుంటే పిరికివాడంటారని బెరుకు. ప్రాక్టికల్స్‌లో ఆమ్లాన్ని పిపెట్టుతో నోటితో పీల్చినవాణ్ణి మొనగాడిగా చూసే బుద్ధి మనలో ఇంకా ఉంది.

ఈ సంఘటన తర్వాత హాస్టల్లో ఈ పనులు పూర్తిగా మాన్పించాలని కొందరు పెద్దలన్నారు. వారి ఆదుర్దా నాకు అర్థమవుతుంది, అందుకు కారకుణ్ణి నేనే. అయినా వినయంగా కాదంటాను. నిషేధిస్తే మానేస్తామా? తలుపు గడియ పెట్టుకుని, కిటికీ మూసుకుని, దొంగతనంగా చేస్తాం. ఈ పనికి అంతకన్నా చెడ్డ చోటు లేదు. పైగా చేత్తో ఒక వస్తువు తయారుచెయ్యడం సైన్సు విద్యార్థికి చదువులో భాగమేనని నా నమ్మకం.

కాబట్టి యూనియన్ మిత్రులకు నా విన్నపం. కెమిస్ట్రీ లాబు వెనక వరండాలో ఒక బల్ల, ఒక ఎగ్జాస్టు ఫ్యాను, నీళ్ళ పళ్ళేలు, ఒక పెట్టె మాస్కులు, గ్లౌజులు పెట్టించండి. వార్షికోత్సవంలో శాలువాలకీ మైకుసెట్టుకీ డబ్బు దొరికిన చోట దీనికి దొరకదా? మాష్టార్లకు విన్నపం: ఏటా మొదటి ప్రాక్టికల్‌లో అరగంట సీసా మీది హెచ్చరిక చదవడం నేర్పండి. పూర్వ విద్యార్థుల్లో మందుల కంపెనీల్లో, రంగుల కంపెనీల్లో పనిచేసేవారు ఒక్క సాయంత్రం వచ్చి మీ అనుభవం చెప్పండి.

సంక్రాంతికి ఇంటికెళ్ళి నాన్నకి జరిగిందంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. కాసేపు ఊరుకుని, "మందు కొట్టేముందు గాలి ఎటుందో చూస్తాం. పక్క చేలో మనిషున్నాడేమో చూస్తాం. నువ్వు రెండూ చూళ్ళేదు" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. తిరిగొచ్చేటప్పుడు ఒక మాస్కుల పెట్టె ఆయన చేతిలో పెట్టి, "ఇద్దరం పెట్టుకుందాం నాన్నా" అన్నాను. ఈసారి ఆయన "ఏం కాదులే" అనలేదు.

నా రూమ్మేటు ఇప్పుడు బాగానే ఉన్నాడు. ట్రాక్టరు ఇంకా సగంలోనే ఉంది. ఆ వరండాలో బల్ల పడిన రోజున పూర్తిచేస్తాను.

— బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి