అనుభవం అడిగేవాళ్ళు క్లీనరు సీటు ఇస్తారా?

లారీ డ్రైవరు కావాలనుకున్న ఆడమనిషిని ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో మొదట అడిగేది "బండి నడపటం వచ్చా?" అని కాదు, "అనుభవం ఎంత?" అని. ఈ ప్రశ్న న్యాయంగానే వినిపిస్తుంది. లక్షలు పోసి కొన్న బండి, దానిలో మరొకరి సరుకు, రోడ్డు మీద జనం ప్రాణాలు - వీటిని అనుభవం లేని చేతుల్లో పెట్టమని నేనూ అనను. కానీ ఆ అనుభవం ఎక్కడ దొరుకుతుంది, ఎవరికి దొరుకుతుంది అని అడగకుండా వదిలేస్తే, బావి చుట్టూ కంచె వేసి నీళ్ళెందుకు తేలేదని గద్దించినట్టే ఉంటుంది.

లారీ డ్రైవర్లు ఎలా తయారవుతారో ఆ వృత్తిలో ఉన్న వాళ్ళందరికీ తెలుసు. పద్నాలుగు పదిహేనేళ్ళ కుర్రాడు బడి మానేసి మేనమామ వెంటో, ఊళ్ళో తెలిసిన డ్రైవరు వెంటో క్లీనరుగా వెళతాడు. అద్దాలు తుడుస్తాడు. టైర్లలో గాలి చూస్తాడు. పట్టా కప్పి తాడు బిగించటం నేర్చుకుంటాడు. బండి వెనక్కి తీసేటప్పుడు కిందికి దిగి దారి చెబుతాడు. రాత్రిళ్ళు క్యాబిన్‌లోనే పడుకుంటాడు. ఖాళీ రోడ్డు దొరికి, డ్రైవరు దయతలిచిన రోజున స్టీరింగు పట్టుకుంటాడు. లైసెన్సు వయసు వచ్చేనాటికి అతనికి దారులు, ధాబాలు, మెకానిక్కులు, బ్రోకర్లు అన్నీ పరిచయమే. ఓనరు దగ్గరికి తీసుకెళ్ళి "కుర్రాడు మంచోడు, నాదీ పూచీ" అని చెప్పేదీ ఆ డ్రైవరే. మనం అనుభవం అంటున్నది ఇదే. మగవాళ్ళు తమ తర్వాతి మగపిల్లలకు అప్పజెబుతూ వస్తున్న సీటు అది. ఆడపిల్లను ఆ సీటులోకి ఏ తండ్రీ పంపడు, ఏ డ్రైవరూ ఎక్కించుకోడు.

క్లీనరు సీటు మీద నాకేమీ భ్రమలు లేవు. ఎందరో దళిత, వెనుకబడిన కులాల, పేద ముస్లిం కుటుంబాల పిల్లల చదువును మింగిన సీటు అది. తిట్లు, దెబ్బలు, బత్తా తప్ప జీతం కనపడని నెలలు అందులో ఉన్నాయి. అయినా అది పైకి వెళ్ళే నిచ్చెనకు మొదటి మెట్టు. స్త్రీలకు ఆ మెట్టు కూడా లేదు.

మరి చట్టం అడ్డుపడుతోందా? 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో స్త్రీలు భారీ వాహనాలు నడపకూడదని ఎక్కడా లేదు. 20 ఏళ్ళు నిండాలి. కారు వంటి తేలికపాటి వాహనం లైసెన్సు వచ్చి ఏడాది గడవాలి. ఆ తర్వాత రవాణా వాహనానికి ఎల్.ఎల్.ఆర్. తీసుకుని, గుర్తింపు ఉన్న డ్రైవింగు స్కూలు సర్టిఫికెట్టుతో పరీక్షకు వెళ్ళాలి. ఎనిమిదో తరగతి పాసై ఉండాలన్న నిబంధనను 2019లో తొలగించారు. బడి ముఖం చూడని స్త్రీలకు ఇది చిన్న మార్పు కాదు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇంకో విషయం తేల్చింది. తేలికపాటి వాహనం లైసెన్సు ఉన్నవాళ్ళు మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉండే సరుకు రవాణా బండిని కూడా నడపవచ్చు, లైసెన్సు మీద ప్రత్యేకంగా రాయించుకోనక్కరలేదు. అంటే మార్కెట్టుకు కూరగాయలు మోసే చిన్న ట్రక్కుతో మొదలుపెట్టి పెద్ద లారీ దాకా వెళ్ళటానికి స్త్రీలకు చట్టపరంగా దారి ఉంది.

కాబట్టి మనం చూడాల్సింది అనుభవాన్ని కొలిచే కొలమానాన్ని. ప్రకాశం జిల్లాలో నాతో మాట్లాడిన ఒకామెకు ముప్ఫై నాలుగేళ్ళు. భర్త వదిలేశాడు, ఇద్దరు పిల్లలు. కౌలు పొలంలో ఆరేళ్ళు ట్రాక్టరు నడిపింది, పంట ఎత్తి ట్రక్కులో యార్డుకు తోలింది. మంచాన పడ్డ అత్తకు చాకిరీ చేసింది. డ్రైవరు పని కోసం వెళితే ఏం జరిగిందో ఇలా చెప్పింది: "పన్నెండేళ్ళు ఏం చేశావని అడిగాడక్కా. ఇంటి దగ్గరే ఉన్నానన్నా. అయితే ఏమీ చెయ్యలేదన్నమాట అన్నాడు." అలా అన్న ఓనరు ఒక్కడే కాదు. మన జనాభా లెక్కల్లో కూడా ఇంటి చాకిరీ మాత్రమే చేసే స్త్రీ 'పనిచేయని' వారి జాబితాలోకే పోతుంది. ఆమె నడిపిన ట్రాక్టరు మొగుడి ట్రాక్టరు, ఆమె తోలిన పంట మొగుడి పంట. చేసిన పని ఆమెదే అయినా, దాని చరిత్ర మాత్రం ఆమె పేరున లేదు.

ఈ గోడ దాటిన వాళ్ళు ఎలా దాటారో చూడండి. భోపాల్‌కు చెందిన యోగితా రఘువంశీ లా చదివిన మనిషి. రవాణా వ్యాపారం చేసే భర్త చనిపోయాక తానే లారీ ఎక్కారు. నడపటానికి బండి ఉంది కాబట్టి ఎవరి దగ్గరా అనుభవం పత్రం చూపించాల్సిన పని పడలేదు. తమిళనాడులో వసంతకుమారి 1993లోనే ప్రభుత్వ బస్సు డ్రైవరయ్యారు. నల్గొండ ప్రాంతపు తండా నుంచి వెళ్ళిన సరిత 2015లో ఢిల్లీ రవాణా సంస్థలో తొలి మహిళా బస్సు డ్రైవరయ్యారు. సొంత రాష్ట్రపు ఆర్టీసీలో ఆమె స్టీరింగు పట్టుకోవటానికి 2025 దాకా పట్టింది. ప్రభుత్వ సంస్థలో కనీసం ఒక దరఖాస్తు, ఒక పరీక్ష ఉంటాయి, అడగటానికి ఒక చిరునామా ఉంటుంది. ఒకటి రెండు బండ్లున్న ఓనర్ల చేతుల్లో నడిచే లారీ రంగంలో పూచీపడే మనిషే పరీక్ష. అందుకే ఈ ముగ్గురి పేర్లు చెప్పి "చూశారా, తలుచుకుంటే ఆడవాళ్ళు ఏదైనా చేస్తారు" అని చప్పట్లు కొట్టి ఊరుకోవటం నాకు ఇష్టం లేదు.

"రాత్రిపూట రోడ్డు మీద ఆడదానికి రక్షణేదీ?" అంటారు. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర తొండుపల్లి టోల్‌గేటు వద్ద యువ పశువైద్యురాలికి జరిగిన ఘోరాన్ని గుర్తుచేస్తారు. ఆ కేసులో నిందితులు లారీల మీద పనిచేసేవాళ్ళే. భయం నిజమే. కానీ ఆమె లారీ డ్రైవరు కాదు, స్కూటరు ఆపుకుని తన పని మీద వెళ్ళిన మనిషి. రోడ్డు మగవాళ్ళదిగానే ఉన్నంతకాలం, దాని మీద డ్రైవరుకే కాదు, డాక్టరుకీ రక్షణ లేదు.

రక్షణ ఎవరి బాధ్యత? 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం పనిగంటలకు హద్దు పెట్టింది, రాత్రి ఆగే చోట విశ్రాంతి గదులుండాలని చెప్పింది. ఐదుగురు కార్మికులున్న సంస్థకే అది వర్తించేది. దాని స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన వృత్తి భద్రతా స్మృతి, స్త్రీల సమ్మతితో రాత్రి పని ఉండవచ్చనీ, వారి భద్రత చూడాల్సింది యజమానేననీ అంటోంది. కానీ మోటారు రవాణాలో హద్దును ఐదుగురి నుంచి పదిమందికి పెంచింది. రెండు లారీల ఓనరు దగ్గర చేరే స్త్రీకి ఆ వాక్యాల వల్ల ఒరిగేది లేదు.

అందుకని మన డిమాండు స్పష్టంగా ఉండాలి. క్యాబిన్‌లో రెండో సీటును జీతమిచ్చే శిక్షణ సీటుగా మార్చాలి, అందులో స్త్రీలకు వాటా ఉండాలి. సిరిసిల్ల దగ్గర మండేపల్లిలో, ప్రకాశం జిల్లా దర్శిలో ఉన్న డ్రైవింగు శిక్షణ సంస్థల్లో స్త్రీలకు ఫీజు లేకుండా హాస్టలుతో సీట్లివ్వాలి. సర్టిఫికెట్టు చేతిలో పెట్టి పంపేయటంతో సరిపోదు, ఆ తర్వాత ఆర్నెల్లు రెండో డ్రైవరుగా జీతం మీద పని చూపాలి. పని ఎక్కడిదంటారా? రేషను బియ్యం గోదాముల మధ్య తిరిగేది టెండరు పాడుకున్న కాంట్రాక్టర్ల లారీల్లోనే. ప్రభుత్వం ఇచ్చే ఆ టెండర్లలో ఒక షరతు చేరిస్తే చాలు. ట్రాక్టరు, చిన్న ట్రక్కు నడిపిన ఏళ్ళను అనుభవంగా లెక్కించాలి. టోల్‌గేట్ల దగ్గర, గోదాముల దగ్గర స్త్రీలకు తాళం పడే మరుగుదొడ్డి, పడుకోవటానికి గది ఉండాలి.

ఇవి గొంతెమ్మ కోరికలేమీ కావు. జిల్లా పౌరసరఫరాల అధికారికి ఇవ్వగలిగిన అర్జీలో పట్టే నాలుగు వాక్యాలు. వచ్చే టెండరు ప్రకటనకు ముందే మన సంఘాలు ఆ అర్జీ ఇవ్వాలి. అక్కడ ఎవరైనా "ఆడవాళ్ళకు అనుభవమేదీ?" అంటే, ఇంతవరకూ ఎంతమంది ఆడవాళ్ళను బండెక్కనిచ్చారో లెక్క చెప్పమని మనమూ అడగాలి.