పసిచేతులకు చుక్కల కాగితాలు

బడులు తెరిచే రోజుల్లో పత్తర్‌గట్టి రాతి కమాన్ల కింద పుస్తకాల దుకాణాలకు తీరిక ఉండదు. పలకలు, నోటుబుక్కులతో పాటు ఇప్పుడు చుక్కల అక్షరాలు అచ్చువేసిన కాగితాలకూ గిరాకీ వచ్చింది. ఇంటర్నెట్‌లో దొరికినవాటిని జిరాక్సు తీయించి కట్టలుగా ఇంటికి తీసుకుపోయే తల్లిదండ్రులూ ఉన్నారు. ఎల్.కె.జి. పిల్లవాడు ఎన్ని కాగితాలు నింపితే అంత చదువు వచ్చినట్లు లెక్క వేయడం మాత్రం పొరపాటు.

ఈ కాగితాలు పనికిరానివని ఎవరూ అనరు. ఖర్చు తక్కువ. తెలుగు చదవడం రాని తల్లి కూడా బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని రాయించగలదు. పైగా పద్ధతి కొత్తదేమీ కాదు. అక్షరాలు దిద్దించడమనే మాట మనకు తాతల నాటిది. పంతులు పలక మీద రాసిచ్చిన అక్షరం మీదనే బలపం తిప్పించేవారు. ఉర్దూ ఇళ్లలో ఉస్తాద్ రాసిచ్చిన అక్షరం మీద తఖ్తీపై కలం తిప్పించేవారు. అయితే దిద్దిన పలకను తుడిచి, తఖ్తీని కడిగి మట్టి పూసి, పిల్లవాడి చేత సొంతంగా రాయించేవారు. అచ్చు కాగితం మొదటి సగాన్ని నిలుపుకొని రెండో సగాన్ని వదిలేసింది. లోపమంతా అక్కడే ఉంది.

ఇది కేవలం పెద్దల చాదస్తం కాదు. అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయానికి చెందిన కేరిన్ జేమ్స్ బృందం 2012లో ప్రకటించిన పరిశోధనలో, ఇంకా చదవడం రాని ఐదేళ్ల పిల్లల చేత అక్షరాలను మూడు విధాల చేయించారు. కొన్నింటిని సొంతంగా రాయించారు, కొన్నింటిని గీతల మీద దిద్దించారు, కొన్నింటిని టైపు చేయించారు. తర్వాత మెదడును స్కానింగులో చూస్తే, చదువుకు తోడ్పడే భాగాలు సొంతంగా రాసిన అక్షరాలకే చురుగ్గా స్పందించాయి. సొట్టలు పడినా సరే, పిల్లవాడు తానే గీసిన అక్షరం విలువ అది.

వయసునూ గమనించాలి. మూడేళ్లకు సున్న చుట్టగలిగిన పిల్లవాడికి చతురస్రం గీయడానికి నాలుగు దాటాలి, త్రిభుజానికి దాదాపు ఐదేళ్లు రావాలి. చేతివేళ్లు బిగువెక్కకముందే పెన్సిలు పట్టిస్తే పిల్లవాడికి మిగిలేది చేతినొప్పి, చదువంటే విసుగు. పాతబస్తీ ముస్లిం కుటుంబాల్లో నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులకు బిస్మిల్లా చేయించే ఆచారం ఉంది. హిందువుల ఇళ్లలో అక్షరాభ్యాసం నాడు బియ్యంలో వేలితో రాయిస్తారు. రెండింటిలోనూ తొందర లేదు. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు నిర్ణీత పాఠ్యపుస్తకాలు ఉండరాదని 2022 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం సైతం చెప్పింది.

పత్తర్‌గట్టి పిల్లలకు మరొక చిక్కు ఉంది. ఇంట్లో ఉర్దూ, బడిలో ఇంగ్లీషు, 2018 చట్టంతో ఒకటో తరగతి నుంచి తెలుగు. ఉర్దూ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది, మిగిలిన రెండూ ఎడమ నుంచి కుడికి. అక్షరాన్ని ఎక్కడ మొదలుపెట్టాలో, చేయి ఎటు తిరగాలో బాణం గుర్తు లేని కాగితం ఇక్కడి పిల్లవాడికి మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. వంకరగా అలవాటైన చేతిని తర్వాత సరిదిద్దడం కష్టం. మూడు లిపులనూ ఒకే వారంలో మీద వేయకుండా, ఒకటి కుదురుకున్నాక మరొకటి అందుకోవడం మంచిది.

ఆచరణ కష్టమేమీ కాదు. ముందు బియ్యంలోనో, ఇసుకలోనో వేలితో రాయించాలి. ఆ తర్వాతే కాగితం. ప్రతి కాగితంలో మొదటి వరుస చుక్కలు, రెండో వరుసలో మొదలు చుక్క మాత్రమే, చివరి వరుస పూర్తిగా ఖాళీ ఉండాలి. తెలుగు అక్షరాలను వరుస క్రమంలో కాకుండా పోలికను బట్టి జతచేస్తే సులువు: సున్న వచ్చినవాడికి ర, ఠ, ద తర్వాత ధ, థ, ప తర్వాత ఫ, ష, వ తర్వాత మ. రోజుకు ఒక కాగితం, పది నిమిషాలు చాలు. కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, తుడిస్తే పోయే పెన్నుతో రాయిస్తే అదే మళ్లీ పలక అవుతుంది, జిరాక్సు ఖర్చూ తగ్గుతుంది.

విద్యాశాఖ ఇలాంటి కాగితాలను ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడింటిలోనూ బాణం గుర్తులతో తయారుచేయించి అంగన్‌వాడీలకు, బడులకు ఉచితంగా అందించడం అవసరం. ప్రైవేటు పాఠశాలలు కాగితాల కట్టను తమ ప్రతిష్ఠకు కొలమానంగా చూపడం మానుకోవాలి. కంప్యూటర్లు రాకముందు ఉర్దూ పత్రికలను కాతిబ్‌లు చేత్తో రాసి అచ్చుకు ఇచ్చేవారు. ఆ రాతగాళ్లకు పేరుపడ్డ ఛత్తా బజార్ పత్తర్‌గట్టికి పొరుగునే ఉంది. అలాంటి చోట పసిపిల్లలకు చుక్కలు కలపడమే రాత అని నేర్పడం భావ్యం కాదు. ఖాళీ గీత మీద బిడ్డ తానే రాసిన ఒక్క వంకర అక్షరాన్ని తల్లిదండ్రులు మెచ్చుకోవాలి. చదువుకు మొదటి మెట్టు అదే.